చెఱువు గుణదోష విచారము: పోరుమామిళ్ల శాసనముపై ఒక పరిశీలనము

పోరుమామిళ్ల శాసనమును చరిత్ర పరిశోధకులు చిరకాలముగ ఎఱుగుదురు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల కడ అనంతరాజసాగరమను చెఱువును కట్టించెను. శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి ఈ సంస్కృత శాసనము ఆ చెఱువును గుఱించినది. తరువాతి కాలమున మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడైన వి. యస్. సుక్థంకర్ దీనిని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటమున ప్రకటించెను. చెఱువు నేటికిని నిలిచియున్నది. అయినను సాహిత్య విమర్శ ఈ శాసనమును తనదిగా భావింపలేదు. రాజవంశ క్రమమునకును, కాలనిర్ణయమునకును ఉపకరించు ఆధారముగనే అది మన తరగతులలో ప్రస్తావింపబడుచున్నది.

ఈ వ్యాసమున మేము దానిని ఒక రచనగా పరిశీలింపదలచితిమి. వానలు తక్కువైన సీమలో నీరు, శక్తి, అన్నము అను మూడింటిని ఒక్క లెక్కలో చూచు దృష్టి దానియందు కలదనియు, ఆ దృష్టి లోపించుటచేతనే మన కఱవు సాహిత్య విమర్శ కరుణరస ప్రశంస కడ ఆగిపోవుచున్నదనియు మా అభిప్రాయము.

మన పూర్వులు సప్తసంతానములలో కావ్యమునకును, తటాకమునకును సమానముగ చోటిచ్చిరి. కర్త గతించిన పిమ్మటను ఈ రెండును పరులకు ఉపయోగపడుచు నిలుచునని దాని తాత్పర్యము. శాసనకర్త ఈ సామ్యమును ఎఱిగియో ఎఱుగకయో మఱింత ముందునకు కొనిపోయెను. ఆలంకారికులు కావ్యమునకు గుణదోషములను పరిగణించినట్లు ఇతడు చెఱువునకు 12 అంగములను, 6 దోషములను లెక్కించెను. కావున ఇది దానశాసనమే యైనను లక్షణగ్రంథ ధర్మము కూడ దీనియందున్నది.

ఆ పండ్రెండంగములు ఇవి: ధర్మపరుడును, ధనికుడును, కీర్తికాముడును అగు ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనముల దూరము ప్రవహించి వచ్చు తీయని నీటి యేఱు, చెఱువును తాకియుండు కొండ, ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు గాక దృఢమైన రాతికట్ట, పంటభూమికి ఎడముగ తిరిగియున్న రెండు కొనలు, విశాలమును, లోతును గల గర్భము, తిన్నని నిడుపు రాళ్లు దొరకు గని, సమతలములై ఫలవంతములైన పొరుగు పొలములు, కొండ యునికిచే సుడులు తిరుగు నీటిదారి, నిర్మాణమున నేర్పరులైన మనుష్యుల సమూహము.

ఈ పట్టిక క్రమమును గమనింపవలెను. అది ప్రభువుతో మొదలై పనివారితో ముగియుచున్నది. వారి నడుమ జ్ఞానము, మన్ను, ఏఱు, కొండ, రాయి, పొలము వరుసగా నిలిచినవి. మిక్కిలి విలువైనది పదవ అంగము. పొలము చెఱువు వలన లాభము పొందు వేఱొక వస్తువని శాసనకర్త తలంపలేదు. పొలమును చెఱువు శరీరముననే చేర్చెను. కావ్యమునకు సహృదయుడెట్టివాడో చెఱువునకు ఆయకట్టు అట్టిది. అందుకొనువాడు లేనిచో రచన పూర్తికాదు. పండించు నేల లేనిచో నిలువనీరు చెఱువు కాదు.

షడ్దోషములయందు ఈ దృష్టి ఇంకను స్పష్టమగుచున్నది. కట్టనుండి నీరు ఊఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల యెల్లయందుండుట, గర్భము నడుమ తాబేటివీపు వలె మిట్ట యుండుట, నీరు కొంచెమై భూమి విస్తారమగుట, భూమి కొంచెమై నీరు అధికమగుట. వీనిలో మొదటి, రెండవ, నాల్గవ దోషములు నేలకును, కట్టడమునకును సంబంధించినవి. చివరి రెండును అట్టివి కావు. నీటిలో దోషము లేదు, భూమిలో దోషము లేదు. వాని పొందికయందే దోషమున్నది. క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగ చెప్పెను. ఒక పదము తనంతట మంచిదియు చెడ్డదియు గాక తగిన చోటునుబట్టి రాణించునని ఆ సిద్ధాంతము. శాసనకర్త నీటి విషయమున చెప్పినది ఈ ఔచిత్యమునే. నీరెంత యున్నదను ప్రశ్నకు ముందు ఎంత నేలకు అను ప్రశ్నను అతడు నిలిపెను.

శక్తి యను మూడవ విషయము శాసనమున ఆ పేరుతో కానరాదు, శ్రమరూపమున కానవచ్చును. దినమునకు వేయిమంది పనివారును, రాళ్లు మోయుటకు 100 బండ్లును పనిచేయగా రెండేండ్లకు పని ముగిసెనని అది చెప్పుచున్నది. ఆ వేయిమందికి కూడును, ఆ బండ్ల యెద్దులకు మేతయు ఏదో పొలమునుండియే రావలెను. విద్యుత్తు లేని కాలమున అన్నమే శక్తి. మొన్నమొన్నటి వఱకు రాయలసీమ బావులపై నడచిన కపిల ఇందులకు సాక్ష్యము. ఎద్దులు తోలుబానతో తోడిన నీటితో పైరు పండెను. ఆ పైరు చొప్పయే యెద్దులకు మేతయయ్యెను. ఎద్దు అలసినప్పుడు తోడుట ఆగెను. ఆ అలసటయే బావికి రక్షణ.

ఈ సంబంధము తెలిసిన కవి శ్రీకృష్ణదేవరాయలు. ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు చేయు రాజనీతి బోధలో, దేశము చిన్నదైనను గుంటలు, కాలువలు కల్పించి, పన్నునందును, కోరునందును పేదరైతుకు వెసులుబాటు చూపినచో అర్థధర్మములు రెండును పెరుగునని చెప్పబడినది. నీటి వసతికిని, పన్నుకును ఒక్క పద్యమున ముడివేయుట సామాన్య విషయము కాదు. అదే యాశ్వాసమున వర్షర్తు వర్ణనమున ఇల్లిల్లు తిరిగి నిప్పు తెచ్చుకొనవలసిన గృహిణుల అవస్థ కలదు. నిప్పు దొరకినను తడిసిన వంటచెఱకు అంటుకొనదు. అంటుకొన్నను ఇల్లెల్ల పొగయే. విమర్శకులు దీనిని స్వభావోక్తికి ఉదాహరణముగ మెచ్చుకొనిరి. మేము వేఱొకటి చూచుచున్నాము. అచ్చట నీరు సమృద్ధిగ నున్నది, ధాన్యమున్నది, నిప్పు లేదు. అందుచే అన్నము లేదు. మూడింటిలో ఒకటి తప్పిన మిగిలిన రెండును నిష్ఫలమగునని చూపుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము మన ప్రాచీన సాహిత్యమున మాకు కానరాలేదు.

ఆధునిక సాహిత్యమునకు వచ్చినచో, విద్వాన్ విశ్వముగారి ‘పెన్నేటి పాట’ (1956) రాయలసీమ దైన్యమునకు కావ్యగౌరవము కల్పించినది. రంగడు, గంగమ్మ అను పేద దంపతుల బ్రతుకును చదివి కంటతడి పెట్టనివాడరుదు. అయితే ఆ కావ్యముపై మన విమర్శ ప్రధానముగ కన్నీటి పరిమాణమును కొలిచినది. పెన్న యెండుట ఆకాశము చేసిన అపరాధముగ మాత్రమే చదివితిమి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలము’ నవల (2019) ఇట్టి పఠనమునకు లొంగదు. కఱవునాట మేతయు, నీరును లేక గొఱ్ఱెలను నల్లమలకు తోలుకొనిపోవు కాపరుల కథ యది. ఎచ్చట నీరున్నది, ఎచ్చట మేతయున్నది, నడచుటకు మందకెంత సత్తువ మిగిలినది అను మూడు లెక్కలు కాపరి మనస్సులో నిరంతరము సాగును. దీనిని సాహసకథగను, కరుణరచనగను మాత్రమే గ్రహించినచో ఆ లెక్కయందున్న జ్ఞానము మనకు దక్కదు.

ఈ విచారము గ్రంథాలయమునకు పరిమితమైనది కాదు. అనంతపురము సీమలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అట్టిచోట బోరుబావియు, విద్యుత్ మోటారును వచ్చిన పిమ్మట తోడుటకు అలసట లేకపోయెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. దానివలన రైతునకు కలిగిన ఊఱటను మేము తక్కువ చేయము. అప్పులలో మునిగినవానికి అది ప్రాణాధారము. కాని తోడిన నీటి వెల తోడువానికి కానరాకుండ పోవుటయు నిజమే. నీరు కొంచెము, భూమి విస్తారము అను అయిదవ దోషము ఇప్పుడు భూగర్భమునకు దిగినది.

మూడవ దోషమునకు శ్రీశైలము నిదర్శనము. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత ఆ జలాశయము రెండు రాష్ట్రముల యెల్లయందు నిలిచినది. నిండుమట్టము 885 అడుగులు. నీటిమట్టము 854 అడుగులకు దిగినచో పోతిరెడ్డిపాడునుండి రాయలసీమకు తగినంత నీరు పాఱదు. ఎడమగట్టున 900 మెగావాట్లు, కుడిగట్టున 770 మెగావాట్లు గల విద్యుత్కేంద్రములకు ఆ నీరే ఆధారము. 2021లో ఎడమగట్టు విద్యుదుత్పత్తిపై వివాదము చెలరేగి, కృష్ణానదీ యాజమాన్య మండలి పరిధిని నిర్ణయించుచు కేంద్ర ప్రభుత్వము ఆ యేడు జూలైలో ప్రకటన వెలువరించెను. ఒకే నీటిని ఒకరు దీపమునకును, మఱియొకరు పంటకును కోరినప్పుడు కలుగు చిక్కును 14వ శతాబ్ది శాసనకర్త ఊహింపలేదు. యెల్లపై నున్న నీరు కలహమునకు మూలమని మాత్రము అతడెఱుగును.

దోషమును చెప్పుటతో శాస్త్రము ముగియదు, పరిహారమును చూపవలెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశమున ఏడు కఱవు జిల్లాలలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకము నడచినది. రైతులు తామే వానను కొలిచి, బావిలో నీటిమట్టమును వ్రాసికొని, ఉన్న నీటికి తగిన పైరులను నిర్ణయించుకొనుటకు పంటనీటి బడ్జెటు వేసికొనిరి. ఇది అయిదవ దోషమునకు రైతు వ్రాసిన వ్యాఖ్యానమని మేము భావించుచున్నాము. జలశాస్త్ర మెఱిగినవాడు అను రెండవ అంగము ఇచ్చట ఒక వర్ణమునుండి ఊరందఱకును విస్తరించినది.

శాసనమునకు గల పరిమితులను దాచుట విమర్శ కాదు. దాని పట్టికలలో నీటి పంపకమునకు అంగముగ చోటు లేదు. చివర నున్నవాని పొలమునకు నీరందకపోవుట దోషముగ లెక్కింపబడలేదు. ఊరిలో నీరు పంచు నీరుగంటివాడును, మరమ్మతులకై యేర్పడిన దశబంధ మాన్యములును వేఱు ఆధారములందే కానవచ్చును. కట్టిన తరువాత కాపాడుట అను పదుమూడవ అంగమును, పంపకమున అన్యాయము అను ఏడవ దోషమును చేర్చుకొనినగాని ఈ లక్షణము మనకాలమునకు పూర్ణము కాదు.

పరిశోధక విద్యార్థులకు మా మనవి ఇంతమాత్రమే. కఱవు కథను చేతబట్టినప్పుడు ఏ రసమని యడుగుటతో పాటు ఎంత నీరు, ఎవరి శ్రమ, ఎవరి కంచము అని కూడ అడుగవలెను. తటాక శాసనములను చరిత్రశాఖకు విడిచిపెట్టక కావ్యములతో కలిపి చదువవలెను. కావ్యమును, చెఱువును ఒకే సంతానముగ లెక్కించిన జాతికి ఇది కొత్త మార్గము కాదు.