చంకలో తువ్వాలు

కొంగరకలాన్ నుంచి గోల్ఫ్ నేర్చుకోవడానికి పోయేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గోల్కొండ నయా ఖిల్లాకో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో పోవచ్చు. గోల్ఫ్ కోచ్‌ల పనితనంలో నాకు బాగా నచ్చేది తువ్వాలు. ఛాతీకి అడ్డంగా వేసి, రెండు కొసలూ చంకల్లో ఇరికించి, సగం స్వింగ్‌తో బంతి కొట్టమంటారు. ఒళ్లు తిరగకుండా చేతులు మాత్రమే విసిరామా, తువ్వాలు జారి కాళ్ల మీద పడుతుంది. కోచ్ నోరు విప్పక్కర్లేదు. అయితే డ్రైవర్ అనే క్లబ్‌తో కొట్టే పూర్తి స్వింగ్‌కి ఈ తువ్వాలు పనికిరాదు. కుడిచేతివాటం వాళ్లకు క్లబ్ పైకెత్తేటప్పుడు కుడి మోచేయి ఒంటికి దూరం జరగడం సహజమే. తువ్వాలు ఎప్పుడు తీసేయమనాలో మంచి కోచ్‌కి తెలుసు. తీయించాక నేలమీద కర్ర పెట్టి, పాదాల వరుస దానికి సమాంతరంగా ఉందో లేదో చూస్తాడు.