వేలి కొసతో చదివే పరీక్ష

గ్రానైట్ పలకల్లో పగుళ్లు పూడ్చేవాళ్లు, ఎపాక్సీ ఫ్లోరింగ్ వేసేవాళ్లు, గాలిమర రెక్కలు తయారుచేసేవాళ్లు రోజంతా రెజిన్‌తోనే పనిచేస్తారు. వాళ్లలో కొందరికి వేళ్ల సందుల్లో దురద మొదలై, చర్మం పగిలి రసి కారుతుంది. కొందరికి కనురెప్పలూ వాస్తాయి. పడనిది రెజినా, దాన్ని గట్టిపరిచే హార్డెనరా, రబ్బరు గ్లవుజులా? ఈ చిక్కుముడి విప్పేదే ప్యాచ్ టెస్ట్. అందులో ఉన్న పనితనం చెప్పుకోదగ్గది.

1895లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జరిగిన వైద్యుల సభకు చర్మవైద్యుడు యోసెఫ్ యాడాసోన్ ఈ పద్ధతిని వివరించాడు. ఆయన పరీక్షించింది పాదరసాన్ని. అనుమానమున్న పదార్థాన్ని ఒంటికి అంటించి చూడాలన్న ఆ సూత్రమే నేటికీ నడుస్తోంది.

ఎంత అంటించాలన్నదే అసలు నేర్పు. ఫిన్ ఛాంబర్ అనే 8 మిల్లీమీటర్ల అల్యూమినియం గిన్నెల వరుస ప్లాస్టరు మీద ఉంటుంది. వాజలీన్‌లో 1 శాతం ఎపాక్సీ రెజిన్ కలిపిన మందును సిరంజితో ఒక గిన్నెలో 20 మిల్లీగ్రాములు, మిగతా గిన్నెల్లో అనుమానమున్న ఇతర పదార్థాలు పెట్టి, వీపు పైభాగాన అతికిస్తారు. మోతాదు ఎక్కువైతే ఎవరి చర్మమైనా మండుతుంది, లేని అలర్జీ కొత్తగా పట్టుకోవచ్చు. తక్కువైతే ఉన్న అలర్జీ బయటపడదు.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. అణుభారం 340 ఉన్న చిన్న రెజిన్ అణువు చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. దాన్ని గుర్తుపట్టిన టి-కణాలనే రోగనిరోధక కణాలు వచ్చి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే 48 గంటలకు ప్లాస్టరు తీసి ఒకసారి, మూడో రోజో నాలుగో రోజో మరోసారి చూస్తారు. ఉత్తి మంట వల్ల వచ్చిన ఎరుపైతే అప్పటికి చాలావరకు తగ్గుతుంది. అలర్జీ దద్దు ముదురుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఆ చూడటమే. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అనుభవమున్న వైద్యులు వెలుతురు పక్కనుంచి పడేలా రోగిని తిప్పి, ఆ చోటును వేలి కొసతో తడిమి చూస్తారు. గట్టిపడి ఉబ్బితే ఒక ప్లస్, నీటిపొక్కులు లేస్తే రెండు, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతే మూడు. ఏ యంత్రమూ చెప్పని తేడాను ఆ వేలు చెబుతుంది.

రెజిన్ పడదని తేలితే, అది సాధారణంగా జీవితాంతం పడదు. మామూలు రబ్బరు గ్లవుజులు దాన్ని ఎంతోసేపు ఆపలేవు, పొరలు వేసి చేసిన లామినేట్ గ్లవుజులు కావాలి. అవీ చాలకపోతే ఆ మనిషికి వేరే పని చూపించాలి. కూలీ చేతులకు ఆయింట్‌మెంట్ రాసి మళ్లీ అదే డబ్బా దగ్గరకు పంపడం అన్యాయం.

చేతుల దురద పనిలోకి వెళ్తే పెరిగి, సెలవుల్లో తగ్గుతుంటే చర్మవైద్యుడిని కలిసి ఈ పరీక్ష గురించి అడగండి. వెళ్లేటప్పుడు రెజిన్, హార్డెనర్ డబ్బాల లేబుళ్లు ఫోటో తీసుకెళ్లండి. డబ్బాలో సరుకు మాత్రం మీ అంతట మీరు ఒంటికి రాసి చూడకండి.