గాంధారం పలికే తీరు

కర్ణాటక సంగీతంలోని తోడికీ, హిందుస్తానీ భైరవికీ స్వరస్థానాలు ఒకటే. షడ్జం ఒకచోటే పెట్టుకుంటే హార్మోనియం మీద రెండింటికీ అవే మెట్లు. అయినా పక్కపక్కన విన్నవాళ్లెవరూ ఒకే రాగమనరు. భైరవిలో గాంధారం చాలాసార్లు ఉన్నచోటే నిలబడుతుంది. తోడిలో నిలవదు. రిషభం వైపు జారుతుంది, మధ్యమాన్ని తాకుతుంది, మళ్లీ ఊగుతుంది. ఆ ఊగులాటే తోడికి ప్రాణం. అది లేకుండా వీణ మెట్టు మీద వేలు ఊరికే ఆనిస్తే స్వరం తప్పదు గానీ రాగం పోతుంది.

నేను ఎక్కువకాలం సాధన చేసింది ఈ గాంధారాన్నే. పుస్తకంలో ‘గ’ అని ఒక్క అక్షరం ఉంటుంది. తీగను ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో గురుముఖంగా తెలుసుకోవాల్సిందే. మా గురువుగారు వాయించేవారు, పాడేవారు, అదీ చాలదనుకుంటే సాహిత్యాన్ని మామూలుగా మాట్లాడి వినిపించేవారు. ‘‘ఆ మాట ఎవరితో అంటున్నావో ముందు చూసుకోమ్మా’’ అనేవారు.

పండక్కి వచ్చిన కూతుర్ని ‘‘ఎప్పుడొచ్చావు?’’ అని అమ్మ అడిగితే మురిపెం. ఊళ్లోకి వచ్చి రెండ్రోజులైనా గడప తొక్కని మేనల్లుణ్ణి అత్త అదే మాట అడిగితే నిష్ఠూరం. చైనీస్‌లో స్థాయి మారితే పదమే మారిపోతుంది. మన దగ్గర పదం మారదు, ఇద్దరి మధ్య చనువెంతో బయటపడుతుంది. దీన్నే మన లాక్షణికులు కాకువు అన్నారు. నాట్యశాస్త్రం పాఠ్యాన్ని చెబుతూ ఏ రసానికి ఏ స్వరమో కూడా చెప్పింది. కరుణకు గాంధారం, నిషాదం. అప్పటి గాంధారం ఇప్పటిది కాకపోవచ్చు, కానీ మాటనూ స్వరాన్నీ విడదీయని ఆ చూపు నాకెంతో ఇష్టం.

క్షేత్రయ్య పదాల్లో ఆ రెండూ ఒకటైపోతాయి. నాయిక మువ్వగోపాలుడి మీద అలుగుతుంది, దెప్పుతుంది, బతిమాలుతుంది. విలంబకాలంలో ఒకే పంక్తి మళ్లీ మళ్లీ వచ్చి, ప్రశ్నగా మొదలైంది నిందై, ఆ నింద వేడుకోలవుతుంది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబం ఈ పదాలను ప్రాణంగా కాపాడుకుంది. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పాడుతుంటే గమకం అలంకారమనిపించదు, మాటలోంచే పుట్టినట్టుంటుంది.

నా దగ్గరికొచ్చే పిల్లలు ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని స్థానం తప్పకుండా పాడేస్తున్నారు. సంతోషమే. కొత్త కీర్తన ఎత్తుకునే ముందు మాత్రం ఆ శ్రుతి ఆపమంటాను. పల్లవిని అమ్మతో అన్నట్టు ఒకసారి, అలిగిన స్నేహితురాలితో అన్నట్టు ఒకసారి చెప్పిస్తాను. రెండోసారి గొంతు ఎక్కడ దిగిందో గుర్తుపెట్టుకుని, వీణ మీద తీగను అక్కడే వదలమంటాను.