ఫ్యాక్టరీ గేటు, ఇంటి గడప

మన అభ్యుదయ కథా సాహిత్యంలో కార్మికుడు ఎక్కువసార్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరే కనిపిస్తాడు. జెండా పట్టుకునో, లాఠీదెబ్బ తినో, సమ్మె విరిగి తల వంచుకునో నిలబడి ఉంటాడు. గేటు దాటి ఇంటికి వెళ్ళాక అతను ఏమవుతాడో, ఆ ఇంట్లో పెరిగిన పిల్లల మనసులో ఆ ఫ్యాక్టరీ ఏ రూపంలో మిగిలిపోతుందో చెప్పిన రచనలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ లోటు గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వెనకాడుతున్నాను. కారణం, ఆ లోటును పెంచిన విమర్శకుల్లో నేనూ ఒకణ్ణి.

చాలా ఏళ్ళ కిందట బాపట్లలో జరిగిన ఒక కథాగోష్ఠిలో, రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు పది పన్నెండు కాగితాలు చదివాడు. అతని తాత రైసుమిల్లులో బస్తాలు మోసిన ముఠా కూలీ. అమ్మమ్మ నూకలు చెరిగేది. మిల్లు కూతతో వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది, కూతతోనే పిల్లలకు స్నానాలు. ఊక బూడిద కాలవలో కలిసేది. ఇంతే. సమ్మె లేదు, నాయకుడు లేడు, చివర ఎర్రబారిన తూరుపు లేదు. "ఇది జ్ఞాపకం, సాహిత్యం కాలేదు. వర్గచైతన్యం ఎక్కడుంది?" అని అడిగాను. సభలో పలువురు తలలూపారు. ఆ యువకుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత అతని పేరు ఏ పత్రికలోనూ నా కంటబడలేదు.

ఆ ప్రశ్న ఎంత తొందరపాటుదో ఈమధ్య ఒక అమెరికన్ పుస్తకం చదువుతుంటే తెలిసివచ్చింది. బెన్ హాంపర్ రాసిన 'రివెట్‌హెడ్', 1991లో వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణం జనరల్ మోటార్స్‌కు పుట్టినిల్లు. 1970ల చివర ఆ ఒక్క కంపెనీలోనే సుమారు 80 వేలమంది ఆ ప్రాంతంలో పనిచేసేవారు. హాంపర్ కుటుంబంలో తాతల కాలం నుంచీ అందరూ ఆ కంపెనీ మనుషులే. ఏడేళ్ళ వయసులో, కుటుంబాలను లోపలికి రానిచ్చే ఒక రాత్రి, తల్లి వెంట అతను మొదటిసారి ఫ్యాక్టరీలోకి వెళతాడు. తండ్రి కార్లకు ముందు అద్దాలు బిగిస్తుంటాడు. కారు వస్తుంది, అద్దం బిగిస్తాడు. మళ్ళీ కారు, మళ్ళీ అద్దం. పిల్లవాడు ఎంతసేపు చూసినా ఇంకేమీ జరగదు. తండ్రి తాగుడు, ఇల్లు వదిలిపోవడం మనకు తరవాత తెలుస్తాయి. రచయిత ఈ రెంటికీ ముడివేసి ఉపన్యాసం ఇవ్వడు. ఇవ్వకపోయినా ఆ ముడి పాఠకుడి గొంతుకు పడుతుంది.

1977లో హాంపర్ తానూ అదే కంపెనీ ట్రక్కుల ఫ్యాక్టరీలో చేరాడు, తరవాత రివెట్లు కొట్టే పనికి మారాడు. అక్కడ ఇద్దరు కార్మికులు ఒప్పందం చేసుకుని, ఒకడు ఇద్దరి పనీ చేస్తుంటే రెండోవాడు తప్పించుకు తిరిగే ఏర్పాటు ఉండేది. నాణ్యత మీద భక్తి పెంచడానికి యాజమాన్యం ఒక మనిషికి పిల్లి వేషం వేసి లైను వెంబడి తిప్పింది. ఇవన్నీ అతను నవ్విస్తూ చెబుతాడు. గడియారాన్ని ఓడించడానికి మనిషి పడే పాట్లు ఇంత వివరంగా రాసిన కార్మికుడు నాకు మరొకడు తెలియదు.

అలాగని పుస్తకంలో లోపం లేదనను. హాంపర్ తిరుగుబాటు ఒంటరివాడి తిరుగుబాటు. అదే ఊళ్ళో 1936 డిసెంబరు 30న మొదలై 44 రోజులు కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించారు. 1937 ఫిబ్రవరి 11న యాజమాన్యం వారి సంఘాన్ని గుర్తించక తప్పలేదు. ఆ పోరాటంలో భార్యలు, అక్కచెల్లెళ్ళు దళంగా ఏర్పడి, లోపల బాష్పవాయువు నిండినప్పుడు బయటినుంచి కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఇల్లు లేచి గేటు దగ్గరికి వచ్చిన సందర్భం అది. ఆ వారసత్వం తన తరానికి ఎందుకు అందలేదన్న విచారణ హాంపర్‌లో బలంగా లేదు. అదే ఊరివాడైన మైకేల్ మూర్ 'రోజర్ అండ్ మీ' చిత్రంలో (1989) ఫ్యాక్టరీల మూసివేతను చూపిస్తూ, 1937 సమ్మెలో పాల్గొన్న దగ్గరి బంధువును, స్పార్క్ ప్లగ్గుల ఫ్యాక్టరీలో పనిచేసిన తండ్రిని తలుచుకుంటాడు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదవాలని విద్యార్థులకు నా సలహా.

మన తెనాలికి కార్ల ఫ్యాక్టరీ లేదు. డెల్టాకు ఫ్యాక్టరీ అంటే రైసుమిల్లే. అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో తెనాలిలోనే జరిగింది. ఆ ఊరి హోటళ్ళలో సర్వరుగా బతుకుతూ, తమిళం మాతృభాష అయినా తెలుగులో 'మంచీ చెడూ', 'అపస్వరాలు' రాసి, 1955లో చిన్నవయసులోనే కన్నుమూసిన శారద (ఎస్. నటరాజన్) మనవాడే. పనిచేసే మనిషి తన చోటినుంచి రాయగలడని ఆయన చూపించాడు. ఆయన్ని ఏటా స్మరిస్తూనే, ఆ దారిలో వచ్చిన యువకుణ్ణి మేము వెనక్కి పంపించాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా నాన్న తెనాలిలో మిల్లు డ్రైవరు. ఆయన ఎప్పుడూ అరిచే మాట్లాడేవాడు. మేమూ అరిచేవాళ్ళం. మాది గయ్యాళి కొంప అని వీధిలో పేరు. ఆయన కోపిష్టి అనే నేను పెద్దవాణ్ణయ్యేదాకా నమ్మాను. ముప్పై ఏళ్ళు మరల మోతలో నిలబడిన మనిషికి చెవులు పోయాయని, మా ఇంటి అరుపు మిల్లునుంచి వచ్చిందని, ఆయన పోయాక గాని తట్టలేదు. వర్గదృష్టి గురించి అన్ని వ్యాసాలు రాసిన నేను దీన్ని ఒక్క వాక్యంలోనూ పెట్టలేదు. అది వస్తువు అవుతుందని నాకు అనిపించలేదు. కుటుంబ జ్ఞాపకం గతాన్ని తీపిచేస్తుందన్న అనుమానం అసలు కారణం. ఆ అనుమానం నిరాధారం కాదు. మిల్లు కూత తీయగా వినిపించి, కూలి రేటు వినిపించని జ్ఞాపకాలు బోలెడు అచ్చవుతున్నాయి. కాని తీపిని వడకట్టమని చెప్పవలసిన చోట, నేను గిన్నె మొత్తం ఒలకబోయించాను.

ఇప్పుడు మన రాష్ట్రంలోనూ కార్ల ఫ్యాక్టరీ ఉంది. కియా కంపెనీతో ప్రభుత్వం 2017లో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, వేరుశనగ సీమలో, 2019లో కార్లు తయారై బయటికి రావడం మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే లెక్కతో కట్టిన ఫ్యాక్టరీ. షిఫ్టు బస్సు వేళకు అన్నం తినే ఇళ్ళు, భూమి ఇచ్చిన తాతా లైనులో నిలబడే మనవడూ ఒకే కప్పుకింద ఉండే ఇళ్ళు అక్కడ ఏర్పడుతున్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఇంకో పదేళ్ళకు కాగితాలు పట్టుకుని మన గోష్ఠులకు వస్తారు.

రేపల్లె యువకుడి రచనలో నాకు ఒక్క వాక్యం సారాంశం మాత్రం గుర్తుంది. తాతకు మెడ కుడివైపు తిరిగేది కాదట. అటునుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడట, అందువల్ల కొత్తవాళ్ళు ఆయన్ని పెద్ద మర్యాదస్తుడనుకునేవారట. ఆ రచయిత ఈ వ్యాసం చూస్తే, ఆ కాగితాలు ఇంకా ఉంటే, ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను.