కుంచె నడిచిన దారే అక్షరం

చైనా అక్షరాన్ని చూసి బొమ్మలా దించడం ఎవరికైనా సాధ్యమే గాని, దానిని రాయడం మాత్రం ఏ గీత ముందు, ఏది తరువాత, కుంచె ఎటు దిగి ఎటు లేస్తుంది అన్న క్రమాన్ని చేతికి అలవరచుకున్నవారికే సాధ్యం. చైనీయులు 'బిషున్' అని పిలిచే ఈ గీతల వరుసను బడిపిల్లల నియమంగా మాత్రమే చూసేవారు ఆ లిపి సౌందర్యంలో సింహభాగాన్ని పోగొట్టుకుంటారు.

మూలసూత్రాలు కొద్దివే. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి రాయాలి. అడ్డగీత, నిలువుగీత ఒకదానినొకటి ఖండించే చోట సాధారణంగా అడ్డగీత ముందు. ఎడమకు జారే గీత తరువాతనే కుడికి జారే గీత. 'దేశం' అనే అర్థమిచ్చే 'గువో'లో వలె చుట్టూ చట్రం ఉన్నప్పుడు మూడు వైపులు గీసి, లోపలి భాగాన్ని పూర్తిచేసి, ఆ తరువాతనే అడుగుగీతతో మూయాలి. మనిషి ఇంట్లోకి వచ్చాకే తలుపు వేయాలని అక్కడి ఉపాధ్యాయులు పిల్లలకు చెబుతారు.

ఈ సూత్రాల వెనుక ఉన్న తర్కం 'చిన్న' అనే అర్థం గల 'షియావో'లో తేటగా కనిపిస్తుంది. మూడే గీతలున్న ఈ అక్షరంలో, ఎడమనుంచి కుడికి అన్న సూత్రానికి మినహాయింపుగా, మధ్య నిలువుగీతను ముందు దించి, అడుగున క్షణకాలం ఆపి, కుంచె మొనను ఎడమపైకి ఎగజిమ్మితే కొక్కెం ఏర్పడుతుంది. ఆ ఊపే కుంచెను ఎడమ చుక్క దగ్గరకు చేరుస్తుంది, ఆ చుక్క ముగింపు కుడి చుక్కకు దారి తీస్తుంది. చుక్కలను ముందు పెట్టి నిలువుగీతను చివర గీస్తే ఆకారం అదే వచ్చినా కొక్కెం ఎటూ చేరని తోకగా మిగిలిపోతుంది. గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయే 'త్సావ్‌షూ' అనే గొలుసుకట్టు రాతలో చదువరి అక్షరాన్ని గుర్తుపట్టేది ఈ నడకను బట్టే.

ఈ విద్యకు ఓనమాలూ శిఖరమూ ఒకే అక్షరంలో ఉన్నాయి. 'శాశ్వతం' అనే అర్థమిచ్చే 'యోంగ్'లోని ఐదు గీతల్లో చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం మొదలైన ఎనిమిది మూలకదలికలు ఇమిడి ఉన్నందున తరతరాలుగా శిష్యులు దానినే సాధన చేస్తారు. అందులో కుడికి జారే చివరి గీత కఠినపరీక్ష: కుంచె తేలికగా దిగి, జారుతున్న కొద్దీ బరువు పెంచుకుని, పాదం దగ్గర ఆగి, మెల్లగా లేస్తూ పదునైన మొనగా ముగియాలి.

మహా లిపికారుడు వాంగ్ షీజీ క్రీ.శ. 353లో రాసిన 'లాన్‌తింగ్ పీఠిక' ఈ 'యోంగ్'తోనే మొదలవుతుంది. 324 అక్షరాల ఆ రచనలో 'జీ' అనే అక్షరం ఇరవై సార్లు వస్తే ఇరవై విధాలుగా ఒదిగిందంటే ఆ చేతిని ఏమని పొగడాలి! మూలప్రతి తాంగ్ చక్రవర్తి తైజోంగ్ సమాధిలోకి చేరిందని చెబుతారు. నేడు మిగిలినవి నకళ్లే. వాంగ్ వంశంలో ఏడో తరం వాడైన భిక్షువు జీయోంగ్ ముప్పై ఏళ్లు మేడ దిగకుండా 'సహస్రాక్షరి' అనే పాఠాన్ని 800 ప్రతులు రాసి, అరిగిపోయిన కుంచెలను సమాధి చేశాడని ప్రతీతి. మరో లిపికారుడు యాన్ జెన్‌చింగ్ దిట్టమైన రాతను తలకెత్తుకునేవారి అభిమానం న్యాయమైనదే అయినా, గీతనుంచి గీతకు పారే జీవధారలో వాంగ్‌ను మించినవాడు లేడు.

మేక, కుందేలు వెంట్రుకల కుంచె, మసితో చేసిన సిరాకడ్డీ, దానిని అరగదీసే రాయి, కాగితం ఈ కళకు నాలుగు నిధులు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

గుర్తింపు వచ్చింది గాని చేతులు మూగబోతున్నాయి. ఉచ్చారణను మీటలతో కొట్టి, తెర చూపిన అక్షరాన్ని ఏరుకునే అలవాటు వల్ల చదువుకున్నవారు సైతం కలం పట్టగానే అక్షరం మరచిపోతున్నారు. ఈ మరపుకు చైనీయులు 'తీబీ వాంగ్‌జీ' అని పేరే పెట్టుకున్నారు. అంతకన్నా ఘోరం, కుంచెరాతను అనుకరించే కంప్యూటర్ ఫాంట్లతో అచ్చువేసిన చుట్టలను చేతిరాతగా అమ్మడం. ప్రతి 'జీ' ఒకే అచ్చులో దిగే ఆ సరుకును లాన్‌తింగ్ వారసత్వమని చెప్పడం కళాద్రోహం. ఏకరూపత కోసం చైనా 1997లో 7000 అక్షరాలకు గీతల వరుసను నిర్ణయించింది. అది బడికి మేలు చేసిందన్నది నిజమే గాని, పట్టికలోని అంకెలను బట్టీపట్టిన పిల్లవాడికి కొక్కెం ఎటు చూస్తోందో ఎవరు చెప్పాలి? పెన్సిలుకు ముందే పిల్లల చేతికి కుంచె ఇవ్వాలి, రోజూ ఒక్క 'యోంగ్' అయినా రాయించాలి, గురువులు ఆకారానికి కాక నడకకు మార్కులు వేయాలి. వరుస తెలిసిన చేతులు తరువాతి తరంలో కరవైతే వాంగ్ షీజీ గొలుసుకట్టును చదవగలిగే కళ్లూ ఉండవని చైనా విద్యావేత్తలు ఇప్పుడే గుర్తించాలి.