ఏడస్తా ఉన్నాడా, పాడతా ఉన్నాడా?

వారమంతా గ్రానైటు కోసే రంపాల మోత వినే జిగణిలో ఆదివారం మధ్యాహ్నం కాస్త చెవులు తెరుచుకుంటాయి. అలాంటి ఒక ఆదివారం మా యింట్లో ఇటలీ ఒపేరా ఒకటి చూశాం. వెర్డీ రాసిన 'డాన్ కార్లో'. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో 2010లో ఆడిన ప్రదర్శనకు పట్టిన చిత్రం. పక్కింటి పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నారు. ఆనేకల్లు వైపు మనిషి. చిన్నప్పుడు హార్మోనియం పెట్టె పక్కన నిద్రపోతూ పద్యనాటకాలు చూసినవారు. ఆయనకు ఇటాలియన్ రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలూ రావు. నాలుగో అంకంలో రాజు ఒంటరిగా కూర్చుని పాట ఎత్తుకున్నాడు. పెద్దాయన కొంతసేపు విని, "ఏమప్పా, ఈయప్ప ఏడస్తా ఉన్నాడా, పాడతా ఉన్నాడా?" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు కథ. స్పెయిన్ యువరాజు కార్లోకు ఫ్రాన్సు రాకుమారి ఎలిజబెత్తుతో పెళ్లి కుదిరింది. ఇద్దరూ అడవిలో కలుసుకున్నారు, మనసులు కలిశాయి. అంతలో కబురు వచ్చింది. పెళ్లి కొడుకు కార్లో కాదు, అతని తండ్రి రెండో ఫిలిప్పు రాజు. యుద్ధంతో నలిగిన జనం ఆమెను బతిమాలుతారు. ఒప్పుకుంటే శాంతి వస్తుంది. ఆమె ఒప్పుకుంటుంది. నిన్నటి ప్రియురాలు నేడు సవతి తల్లి. అక్కణ్ణుంచి అనుమానం, జైలు, చావు.

ఇంతవరకూ చెప్పేసరికి పెద్దాయన, "ఇది మన సారంగధర కథ కదప్పా!" అన్నారు. నిజమే, పూర్తిగా కాకపోయినా. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు. ఎగిరిపోయిన పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకు వెళ్లాడు. ఆమె కోరింది, అతను కాదన్నాడు. ఆమె చెప్పిన అబద్ధం నమ్మి రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. 15వ శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్ర'లో ఈ కథ చెప్పాడు. 17వ శతాబ్దంలో తంజావూరు నీడలో చేమకూర వెంకటకవి 'సారంగధర చరిత్ర'గా కావ్యం చేశాడు. పాత కథలో సిద్ధుడి దయవల్ల తెగిన అవయవాలు మళ్లీ వస్తాయి. 19వ శతాబ్దం చివర బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ వరాన్ని కత్తిరించి 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకం ఇదేనని సాహిత్య చరిత్రలు చెబుతాయి. గమనించండి, ఆ పని జరిగింది గోదావరి ఒడ్డున కాదు, మన బళ్లారిలో. 1953 అక్టోబరు 1న ఆ ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగు విషాదనాటకం పుట్టిల్లు నేడు కర్ణాటకలో ఉంది.

ఇంకో పోలిక కూడా ఉంది. రెండు కథలూ చరిత్రకు అన్యాయం చేసినవే. అసలు డాన్ కార్లోస్ 1568లో తండ్రి పెట్టిన నిర్బంధంలో చనిపోయిన మాట నిజం. సవతి తల్లితో ప్రేమ మాత్రం కట్టుకథ. దానికి నాటకరూపం ఇచ్చినవాడు జర్మన్ కవి షిల్లర్, పాట కట్టినవాడు వెర్డీ. మన రాజరాజ నరేంద్రుడు నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. అతను కొడుకును నరికించాడనడానికి చరిత్రలో ఆధారం లేదు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. జనం ఆ కథను వదలలేదు. తండ్రి అధికారం కొడుకును మింగడం అనే భయం చరిత్ర కంటే పాతది కాబట్టి.

ఇక పెద్దాయన ప్రశ్న. ఫిలిప్పు పాట మొదలయ్యే ముందు సెల్లో ఒక్కటే మాట్లాడుతుంది. మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ అది, గొంతు మగవాడి గొంతుకు దగ్గర. కొవ్వొత్తులు కరిగిపోయాయి, తెల్లవారబోతోంది. ఆమె నన్నెప్పుడూ ప్రేమించలేదు అన్నదే రాజు బాధ. లోకాన్ని గడగడలాడించే రాజుకు రాత్రి నిద్ర లేదు. ఫెరూచ్చో ఫుర్లనెత్తో ఈ పాట పాడిన తీరు గొప్పది. గొంతు పెంచడు. పెంచగలిగి కూడా పెంచకపోవడంలోనే రాజరికం, దుఃఖం రెండూ తెలుస్తాయి. వెంటనే తొంభై ఏళ్ల గుడ్డి మతాధికారి వస్తాడు. కొడుకును చావుకు పంపితే పాపమా అని రాజు అడుగుతాడు. దేవుడు తన కొడుకును ఇవ్వలేదా అని జవాబు వస్తుంది. రెండు మంద్రస్వరాలు ఢీకొంటుంటే, భాష రాని మా పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

కాబట్టి జవాబు ఇది. ఏడుపు మనిషిది, పాట సంగీతకర్తది. పాడేవాడు ఏడిస్తే పాట చెడుతుంది. ఏడవకుండా పాడితే వినేవాడు ఏడుస్తాడు.

మన పద్యనాటకం ఇక్కడే దారి తప్పిందని చెప్పక తప్పదు. ధర్మవరం వారు నాటకంలోకి పద్యాన్నీ పాటనూ తెచ్చారు. తర్వాత వచ్చిన నటులు రాగాన్ని సాగదీశారు. చస్తున్న పాత్ర 'వన్స్ మోర్' కేకకు లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చింది. ధర్మవరం వారి మేనల్లుడే బళ్లారి రాఘవ. భావం ముందు, రాగం తర్వాత అని పట్టుబట్టినవాడు ఆయన. ఇటలీలోనూ ఈ జబ్బు ఉండేది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మిలాన్‌లోని లా స్కాలాలో టోస్కనీని మళ్లీ పాడించే అలవాటు మీద యుద్ధం చేశాడు. అయితే ఒక తేడా ఉంది. టోస్కనీని చేతిలో వెర్డీ రాసిపెట్టిన స్వరం ఉంది. ఏ మాట ఎంతసేపు, ఎంత మెల్లగా అన్నది కాగితం మీద ఉంది. రాఘవ చేతిలో పద్యం మాత్రమే ఉంది. రాగం నటుడి ఇష్టం. అందుకే 1867లో పుట్టిన 'డాన్ కార్లోస్' ఈనాటికీ పాడగలుగుతున్నారు. 'విషాద సారంగధర' పద్యాలు పుస్తకంలో మిగిలాయి, గొంతులు పోయాయి.

రెండో తేడా ఇంకా ముఖ్యం. ఒపేరాలో నలుగురు ఒకేసారి నాలుగు మనసులు పాడగలరు. నాలుగో అంకంలో రాజు పశ్చాత్తాపం, రాణి ఒంటరితనం, ఆమెకు ద్రోహం చేసిన ఎబోలీ సిగ్గు, కార్లో స్నేహితుడి నిశ్చయం అన్నీ ఒక్క చోట కలుస్తాయి. మన పద్యనాటకంలో ఒకరు పాడుతుంటే మిగిలినవారు వంతు కోసం నిలబడతారు. వంతు రానివారి మనసు మనకు తెలియదు. అందరికంటే ఎక్కువ నష్టపోయినది చిత్రాంగి. 1957లో వచ్చిన సినిమాతో సహా కొన్ని కథనాలలో ఆమెకు ముందు చూపించినది సారంగధరుడి బొమ్మే. ఆ బొమ్మను చూసి మనసిచ్చిన పిల్లకు ముసలి రాజు మొగుడయ్యాడు. అంటే ఎలిజబెత్తుకు జరిగిన అన్యాయమే ఆమెకూ జరిగింది. ఎలిజబెత్తుకు వెర్డీ పాట ఇచ్చాడు. చిత్రాంగికి మనం ఇచ్చింది చెడ్డపేరు. ఈ కథను మళ్లీ రంగస్థలం మీదికి తెచ్చేవారుంటే ఆమె గొంతుతో మొదలుపెట్టాలని నా విన్నపం.

తెస్తారా అన్నది వేరే ప్రశ్న. మెట్రోపాలిటన్ ఒపేరా 1966లో కట్టిన కొత్త భవనంలో నడుస్తోంది. సుమారు 3,800 మంది కూర్చోవచ్చు. ఇటాలియన్ రాని న్యూయార్క్ జనం కోసం 1995 నుంచి ముందు సీటు వీపు మీద చిన్న తెర పెట్టి అర్థం చూపిస్తున్నారు. భాష రాకపోవడం తప్పుగా కాదు, ఏర్పాటు చేయాల్సిన పనిగా చూశారు. మన యింటి పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో నేర్చింది కన్నడ లిపి. వాళ్లకు తెలుగు పద్యం కన్నడ అక్షరాలలో తెర మీద చూపిస్తే భాషకు అవమానమని కొందరు అంటారు. నాకలా అనిపించదు. పద్యం ఉండేది చెవిలో. అక్షరం చెవి దాకా తీసుకెళ్లే బండి మాత్రమే. బళ్లారిలో రాఘవ పేరుతో కళామందిరం ఉంది. అక్కడ కన్నడ అక్షరాల తోడుతో ఒక్క రాత్రి 'విషాద సారంగధర' ఆడితే, కన్నడ సోదరులూ మన పిల్లలూ పక్కపక్కనే కూర్చుని వింటారు.

చివరి అంకం అయ్యేసరికి పొద్దు వాలింది. సమాధిలోంచి వచ్చిన తాత కార్లోను లోపలికి లాక్కుపోవడం వెర్డీ కథ ముగింపు. ఆ భాగం నాకెప్పుడూ బలహీనంగానే తోస్తుంది. అంతసేపు మనుషుల మధ్య నడిచిన దుఃఖాన్ని దయ్యానికి అప్పగించినట్టుంటుంది. సిద్ధుడి వరాన్ని కోసేసిన మన ధర్మవరం వారే ఇక్కడ ధైర్యవంతులు.

పెద్దాయన లేచి తువ్వాలు దులుపుకున్నారు. గడప దగ్గర ఆగి సన్నగా ఒక రాగం తీశారు, మాటలు గుర్తుకు రాలేదు. "పద్యం మరిసిపోయినానప్పా, ఏడుపు మాత్రం గేపకం ఉండాది" అనేసి వెళ్లిపోయారు.