ఇంపీ దోష మెయ్యది?

లంచము గొన్నవాడే చెడ్డ న్యాయాధిపతి యని లోకము తలచును. లంచమంటని న్యాయాధిపతివలన గూడ న్యాయము చెడవచ్చునని తలచువారు తక్కువ. ఈ భేదము నెఱుగుటకు నందకుమారుని వ్యాజ్యెమును గూర్చి యాంగ్లేయులు వ్రాసిన గ్రంథములు మంచి సాధనములని మాకు దోచినది.

కథ యిది. 1773వ సంవత్సరపు రెగ్యులేటింగు చట్టము ననుసరించి 1774లో కలకత్తాయందు సుప్రీముకోర్టు వెలసెను. దానికి సర్ ఎలైజా ఇంపీ ప్రధాన న్యాయాధిపతి. గవర్నరు జనరలగు వారన్ హేస్టింగ్సునకు నీతడు బాల్యమున సహపాఠి. 1775 మార్చిలో మహారాజా నందకుమారుడు హేస్టింగ్సు లంచములు గొనెనని కౌన్సిలునకు విన్నవించెను. మే నెలలో మోహనప్రసాదను నతడు, నందకుమారు డొక ఋణపత్రమును దొంగగా సృష్టించెనని నేరము మోపెను. ఆ పత్రము కోర్టు పుట్టకమునుపటిది. జూనులో విచారణ జరిగెను; ఆగస్టు 5వ తేదీని నందకుమారు నురిదీసిరి.

దొంగపత్రమునకు ప్రాణదండన విధించిన శాసనము ఇంగ్లండుది. మనువు కూటశాసనకర్తకు వధ విధించిన మాట నిజమే. కాని యది రాజశాసనమును గూర్చినది, అప్పుపత్రమును గూర్చినది కాదు. నందకుమారుడు బ్రాహ్మణుడు గాన వధార్హుడు గాడను వాదము మాత్రము మాకు సమ్మతము గాదు. ప్రాణము తీయరాదన్నచో నెవ్వరి ప్రాణమును తీయరాదు. ఇంతకు పూర్వము 1765లో నిట్టి నేరమునకే మరణశిక్ష పొందిన రాధాచరణ మిత్రుని, పురజనులు ప్రార్థింపగా, క్షమించియుండిరి. నందకుమారుని శిక్షను రాజాజ్ఞ వచ్చువఱకు నిలుపుట కింపీ కోర్టునకు సన్నదువలన నధికారముండెను. ఆ యధికారమును వారు వాడలేదు.

మెకాలే 1841లో నీ కథను వ్రాయుచు, ఇంపీ రాజకీయ ప్రయోజనముకొఱకు న్యాయపీఠమునుండి యొక మనుష్యుని జంపెనని తీర్పు చెప్పెను. ఆతని వచనము ప్రవాహమువంటిది. చదువువాని కాలు నిలువదు. మేమును మొదట జదివినపు డట్లే కొట్టుకొనిపోతిమి. కాని యింపీ మనస్సులోని యుద్దేశమును మెకాలే యూహించెనే కాని నిరూపింపలేదు. 1885లో జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను రెండు సంపుటముల గ్రంథము వ్రాసి, విచారణపత్రములను వరుసగా శోధించి, నలుగురు న్యాయాధిపతులు కూర్చుండిరనియు, తీర్మానము జూరీవారిదనియు, హేస్టింగ్సుతో గుట్రపన్నినట్లు సాక్ష్యము లేదనియు జూపెను. మఱుసటి యేడు హెన్రీ బెవరిడ్జి దీనిని ఖండించి, ఇది న్యాయము పేర జరిగిన హత్యయే యని వాదించెను.

ఓపికలో స్టీఫెను మెకాలేకంటె నధికుడు. కాని యతడు న్యాయాధిపతి కావున నేరము రుజువైనదా, లేదా యని మాత్రమే యడిగెను. ఆనాటి కలకత్తా ప్రజ లడిగిన ప్రశ్న వేఱు. గవర్నరు జనరలుపై ఫిర్యాదు చేసినవాడు అయిదు నెలలలో నురికంబమెక్కెను; ఇక ఫిర్యాదు చేయువా డెవడు? కుట్ర లేకున్నను, ఆ పాఠము ప్రజలకు జేరనే చేరినది.

మా యభిప్రాయమున ఇంపీ యసలు దోషము 1775లో గాదు, 1780లో నున్నది. కాశీజోడా జమీందారుని వ్యాజ్యెములో సుప్రీముకోర్టు పంపిన బంట్లను కౌన్సిలువారు సిపాయిలచే నడ్డగింపజేసిరి. కోర్టునకును బ్రభుత్వమునకును బోరు ముదిరెను. అప్పుడు హేస్టింగ్సు సదరు దివానీ అదాలతు నాధిపత్యమును గూడ నింపీకి గట్టబెట్టెను. నెలజీతము సుమా రయిదువేల రూపాయలు. దానిని నిలుపుటయు మాన్పుటయు గవర్నరు జనరలు, కౌన్సిలువారి యిష్టము. పోరు చల్లారెను. మెకాలే దీనిని బేరముగా జిత్రించెను. ఇంపీ యా యుద్యోగమున నూరక కూర్చుండలేదు. దివానీ అదాలతులకు మంచి నిబంధనలు కూర్చెను. ఐనను మాకు సమాధానము కలుగలేదు.

అన్నదమ్ముల పంపకమునకు వచ్చిన పెద్దమనిషి అన్నగారి యింట నాఱునెలలు భుజించినచో, అత డెంత ధర్మముగా బంచినను తమ్ముని భార్య నమ్మదు. అది యామె తప్పు గాదు. ఇంపీ యేలిన కోర్టు, కంపెనీ యుద్యోగుల యక్రమములను విచారించుటకు గూడ బుట్టినది. దాని పెద్ద యా కంపెనీ జీతమునకే చేయి చాచెను. కామన్సుసభవా రతనిని 1782లో వెనుకకు బిలిపించిరి. 1788లో నాతనిపై నభియోగము నడపవలెనను ప్రతిపాదనను 73 మంది కాదనగా, 55 మంది మాత్రమే యౌననిరి. మనుష్యుడు తప్పించుకొనెను, ప్రశ్న తప్పించుకొనలేదు.

1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము న్యాయాధిపతుల జీతమును, పదవీకాలమును బ్రభుత్వపు టిష్టమునుండి తప్పించినది. సుప్రీముకోర్టున బనిచేసినవారు మరల నే కోర్టునందును వాదింపరాదని కూడ శాసించినది. కాని పదవి విరమించిన పిదప ప్రభుత్వమిచ్చు నుద్యోగమును స్వీకరింపరాదని శాసింపలేదు. పీఠముపై నున్నవాడు రేపటి కొలువును దలచుకొన్నచో, ఇంపీ కథ గతించిన కథ గాదు. న్యాయాధిపతి నిష్కళంకుడగుట చాలదు. ప్రతివాది యింట నాతనికి విస్తరి వేసియుండరాదు.